మన పక్కనే ఉన్న అడవి: శేషాచలం

అడవి అనగానే మన పిల్లలకు ఆఫ్రికా గుర్తుకొస్తుంది. సింహం, జిరాఫీ, జీబ్రా బొమ్మలు ఎల్‌కేజీ పుస్తకం నుంచే వాళ్ళకు తెలుసు. అదే పిల్లవాడిని ఎర్రచందనం ఆకు ఎలా ఉంటుందని అడగండి, మన మొహం చూస్తాడు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది మన కొండల్లోనూ, వాటికి ఆనుకుని ఉన్న కాస్త ప్రాంతంలోనూ మాత్రమే. బస్సెక్కితే గంటా గంటన్నరలో చేరుకునే చోటది.

ఈ సంచిక చదివేవారిలో చాలామంది కడప, రాయచోటి, పీలేరు, రాజంపేట, తిరుపతి వైపు వాళ్ళు. ఉద్యోగాల కోసం కువైట్‌లోనో ఖతార్‌లోనో ఉన్నవారికి కూడా సొంత ఊరు ఇక్కడే. అందుకే ఈసారి పరీక్షల గురించి, మార్కుల గురించి కాకుండా మన కొండల గురించి ఒక పాఠం రాస్తానన్నాను. పాఠం అన్నాను కాబట్టి మధ్యమధ్యలో ప్రశ్నలు వేస్తాను. జవాబులు కూడా నేనే చెబుతాను, కంగారుపడకండి.

ముందుగా చోటు ఎక్కడో తెలుసుకుందాం. పాత చిత్తూరు, కడప జిల్లాల మధ్య శేషాచలం కొండల్లో 353 చదరపు కిలోమీటర్ల అడవిని 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ‘ఉద్యానవనం’ అన్న మాట విని పూలతోట అనుకునేవారున్నారు. ఇది తోట కాదు, అడవే. చట్టం దృష్టిలో అడవికి దొరికే రక్షణలన్నిటిలోకీ గట్టిది ఇదే. జాతీయ ఉద్యానవనంలో పశువులను మేపడం, కట్టెలు కొట్టడం, వేటాడడం ఏదీ కుదరదు. దీని చుట్టూ ఉన్న అడవులను కూడా కలిపి 2010 సెప్టెంబరులో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతంగా కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. దాని విస్తీర్ణం దాదాపు 4,756 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి గుర్తింపు పొందిన మొదటి అడవి ఇదే.

పటం తెరిచి చూస్తే ఈ కొండలు ఒంటరిగా లేవు. ఉత్తరాన నల్లమల, ఆ తరువాత లంకమల, పాలకొండలు, దక్షిణాన శేషాచలం, ఇవన్నీ తూర్పు కనుమలలో ఒకే వరుస. జంతువుకు జిల్లా సరిహద్దు తెలియదు కనుక ఈ వరుస తెగకుండా ఉండడం ముఖ్యం.

రాయి చెప్పే లెక్క

తిరుపతి నుంచి తిరుమల కొండకు వెళ్ళే ఘాట్ రోడ్డులో ఒకచోట రాతి గోడ మీద స్పష్టంగా ఒక గీత కనబడుతుంది. గీత కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి. పైన ఉన్నది ఇసుక పేరుకుని గట్టిపడి తయారైన క్వార్ట్‌జైటు. కింది రాయి వయసుకీ పై రాయి వయసుకీ మధ్య కోట్ల సంవత్సరాల తేడా ఉంది. అంటే ఆ గీత మీద వేలు పెడితే, భూమి చరిత్రలో చిరిగిపోయిన పేజీల మీద వేలు పెట్టినట్టు. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు. జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించి అక్కడ బోర్డు పెట్టారు. రోజూ వేల వాహనాలు దాని పక్క నుంచి పోతుంటాయి. బోర్డు చదివేవాళ్ళు ఎంతమందో మీరే ఊహించుకోండి.

ఈ రాయి సంగతి ముందు ఎందుకు చెప్పానంటే, ఈ అడవికి స్వభావం ఇచ్చింది అదే. క్వార్ట్‌జైటు గట్టిది, అయితే నిండా పగుళ్ళు. పైన మట్టి పలచన, సారం తక్కువ. వరి, వేరుశెనగ పండించాలంటే పనికిరాని నేల. ఆ పలచని మట్టిలో, పగుళ్ళలోకి వేరు దించగల చెట్టు మాత్రమే బతుకుతుంది. వాన నీరు కూడా ఆ పగుళ్ళలోకే దిగుతుంది, నెలల తరబడి మెల్లమెల్లగా ఊటగా బయటికి వస్తుంది. తలకోన, గుంజన వంటి జలపాతాలకు, లోయల్లోని వాగులకు ఆ ఊటే ఆధారం.

రెండు వానలు

ఇక వాతావరణం. మన రాయలసీమకు నైరుతి రుతుపవనాల వాన తక్కువని అందరికీ తెలుసు. అరేబియా సముద్రం నుంచి వచ్చే మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలా నీళ్ళు దించేసుకుని, తేలికపడి మన వైపు వస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అడపాదడపా జల్లులు తప్ప నిండు వాన అరుదు. అయితే శేషాచలానికి రెండో అవకాశం ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం మీదుగా వస్తాయి. వాయుగుండాలు, తుపానులు వచ్చేది కూడా ఆ నెలల్లోనే. సముద్రం వైపు నుంచి వచ్చే ఆ మేఘాలకు తూర్పున మొదట ఎదురయ్యే పెద్ద గోడ ఈ కొండలే. అందుకే ఈ కొండలకు దక్షిణాన తిరుపతి వైపు వాన ఎక్కువ, ఉత్తరాన కడప వైపుకు పోయేకొద్దీ తక్కువ.

ఒక చిన్న లెక్క. తిరుపతి కంటే తిరుమల సుమారు 700 మీటర్లు ఎత్తు. వెయ్యి మీటర్లు పైకి పోతే ఉష్ణోగ్రత ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మరి పైన ఎంత తగ్గాలి? నాలుగు, నాలుగున్నర డిగ్రీలు. మే నెలలో కింద 42 డిగ్రీలు ఉన్నప్పుడు పైన 38 లోపే ఉంటుందన్నమాట. ఈ తేడా మనకు హాయి మాత్రమే. చెట్టుకు అది చావుబతుకుల తేడా.

జనవరితో వాన ఆగుతుంది. ఫిబ్రవరి, మార్చి నాటికి కొండలు గోధుమ రంగుకు తిరుగుతాయి. చెట్లు ఎండిపోయాయని కొత్తవాళ్ళు జాలిపడతారు. అవి ఎండిపోలేదు. ఆకు ఉంటే దాని రంధ్రాల గుండా నీరు ఆవిరైపోతుంది. వేరుకు నీళ్ళు అందని నెలల్లో ఆకును మోయడం చెట్టుకు నష్టం. ఆదాయం లేని నెలల్లో ఖర్చు కట్టేసుకునే ఇంటి యజమానిలా చెట్టు ఆకు రాల్చేస్తుంది. దీన్నే ఆకురాల్చు అడవి అంటాం. అయితే అడవి అంతా ఇలా ఉండదు. తలకోన వంటి తడి లోయల్లో ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లు, వాటిని అల్లుకున్న తీగలు కనిపిస్తాయి. అక్కడి గిల్లతీగ కాండం మనిషి నడుమంత లావు. దాని కాయ మీటరుకు పైగా పొడవు పెరుగుతుంది. పిల్లలు దాన్ని చూసి నమ్మరు, పట్టుకుని చూశాక నమ్ముతారు.

రెండో వాన మేలు చేస్తుందని చెప్పాను కదా, అది అతిగా వస్తే ఏమవుతుందో 2021 నవంబరులో చూశాం. 18వ తేదీన తిరుపతి వీధులు వాగులయ్యాయి. ఘాట్ రోడ్డు మీద బండరాళ్ళు పడ్డాయి. నడకదారి మెట్ల మీద నీళ్ళు జలపాతంలా దూకాయి. మరునాడు తెల్లవారి చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయి, చాలామంది ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో అన్నం పొట్లాలు, దుప్పట్లు పట్టుకుని వెళ్ళినవారు ఈ సంచిక పాఠకుల్లోనే ఉన్నారు. వాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

అంత వాన పడితే ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. అది నిజమే. కాని ఎంతో కొంత ఆపేది అడవే. దీన్ని తరగతిలో చూపించడానికి నేను ప్రతి ఏటా ఒక పని చేయిస్తాను. రెండు రేకు పళ్ళాలలో ఒకే మట్టి పోసి ఏటవాలుగా పెడతాం. ఒకదాని మీద ఎండుటాకులు, గడ్డి పరుస్తాం, రెండోది ఖాళీగా వదిలేస్తాం. రెండింటి మీదా చెంబెడు నీళ్ళు ఒకే ఎత్తు నుంచి పోస్తాం. ఖాళీ పళ్ళెం నుంచి ఎర్రటి బురద నీళ్ళు వెంటనే దిగిపోతాయి. ఆకులున్న పళ్ళెం నుంచి నీళ్ళు ఆలస్యంగా, తేటగా, కొంచెం కొంచెంగా వస్తాయి. ఖర్చు లేని ప్రయోగం. ఇంట్లో మీ పిల్లలతో చేయించండి. తిరుపతికి తాగునీరిచ్చే కళ్యాణి డ్యాం ఈ కొండల కిందే ఉంది. దానిలోకి వచ్చేది ఏ పళ్ళెం నీళ్ళు అయితే మంచిదో పిల్లలే చెబుతారు.

ఎర్రచందనం, దాని చుట్టాలు కానివాళ్ళు

ఎర్రచందనానికీ మంచిగంధానికీ చుట్టరికం లేదు. పేరులో చందనం ఉంది గాని ఎర్రచందనానికి సువాసన ఉండదు. అది చిక్కుడు, వేరుశెనగ, కానుగల కుటుంబానికి చెందిన చెట్టు. ఒక్కో ఈనెకు సాధారణంగా మూడు గుండ్రని ఆకులు. వేసవిలో పసుపు పూలు. కాయ చుట్టూ పలచని రెక్క ఉంటుంది, గాలికి ఎగిరి దూరంగా పడడానికి. బెరడు మొసలి చర్మంలా గళ్ళుగళ్ళుగా చీలి ఉంటుంది. గాటు పెడితే ఎర్రటి రసం కారుతుంది. దూరం నుంచి చూసినా గుర్తుపట్టవచ్చు.

దీని విలువంతా లోపలి చేవలో ఉంది. పైన తెల్లటి చెక్క, లోపల ముదురు ఎరుపు చేవ. ఆ చేవ నీళ్ళలో వేస్తే మునుగుతుంది, అంత బరువు. బతికే నేల బీదది కనుక చెట్టు నెమ్మదిగా పెరుగుతుంది. పనికొచ్చే చేవ పట్టడానికి పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు పట్టవచ్చు. అంటే ఈ రోజు ఒక రాత్రిలో కొట్టేసిన చెట్టు స్థానంలో మొక్క నాటితే, దాని చేవను చూసేది మన మనవలు. ఒకప్పుడు దీనిలోని శాంటలిన్ అనే ఎర్ర రంగు కోసం యూరప్‌కు ఎగుమతి చేసేవారు. తరువాత చైనాలో ఖరీదైన సామాన్లకు, జపానులో సంగీత వాద్యాలకు గిరాకీ పెరిగింది.

మన పెద్దలకు ఈ చెట్టు ఇంకో పేరుతో తెలుసు. యునానీ హకీముల దుకాణాల్లో గాజు సీసాల మీద ‘సందల్ సుర్ఖ్’ అని రాసి ఉండేది, అది ఇదే. పక్కనే ఉండే ‘సందల్ సఫేద్’ మంచిగంధం. ఇత్రీఫల్ తయారీకి వాడే హలేలా, బలేలా, ఆమ్లా అంటే మన కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. ఆ మూడు చెట్లూ ఈ కొండల్లో ఉన్నాయి. ఒక మాట మాత్రం చెప్పాలి. ఎర్రచందనం గిన్నెలో, వేగిస గిన్నెలో నీళ్ళు తాగితే షుగరు పోతుందని అమ్మేవాళ్ళు బస్టాండ్లలో కనబడుతుంటారు. గిన్నె కొన్నా కొనకపోయినా డాక్టరు రాసిన మందు మానకండి. పైగా ఆ గిన్నె ఎర్రచందనమే అన్న నమ్మకం ఏమీ లేదు. నిజంగా అదే అయితే, అమ్మేవాడితో పాటు కొన్నవాడు కూడా సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

గల్ఫ్‌లో ఉన్న మిత్రుల కోసం ఇంకో చెట్టు. ఒమన్‌లోని ధోఫార్ ప్రాంతం నుంచి వచ్చే లోబాన్ మీలో చాలామంది తెచ్చి బంధువులకు ఇచ్చే ఉంటారు. అది బాస్వెలియా అనే చెట్టు జిగురు. సరిగ్గా అదే ప్రజాతికి చెందిన ఒక చెట్టు శేషాచలం కొండల్లో, వాటి చుట్టుపక్కల మాత్రమే పెరుగుతుంది. మనవాళ్ళు దాన్ని కొండ సాంబ్రాణి అంటారు. వేల మైళ్ళ దూరంలో ఎండిన కొండల మీద ఒకే ప్రజాతి చెట్లు, ఒకే రకం జిగురు! జిగురు కోసం గాట్లు లోతుగా, అదేపనిగా పెడితే చెట్టు నీరసించి చచ్చిపోతుంది. ధోఫార్‌లోనైనా, మన కొండలోనైనా జరిగేది అదే.

పేరిత గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. చూడడానికి చిన్న ఈతచెట్టులా, కొబ్బరి మొక్కలా ఉంటుంది, కాని ఆ రెండింటితోనూ సంబంధం లేదు. ఇది సైకాస్ జాతి. భూమి మీద పూలు పూసే చెట్లు పుట్టకముందే ఈ వంశం ఉంది. రాక్షసబల్లుల కాలం నుంచి వచ్చిన వంశం మన కొండ మీద ఉందంటే పిల్లల కళ్ళు పెద్దవవుతాయి. పేరితలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగచెట్టు నడినెత్తిన పెద్ద కంకి వస్తుంది. నాటుమందుల కోసం దాన్నే కోసుకుపోతారు. మగ కంకులు పోతే ఆడచెట్లకు గింజ కట్టదు, గింజ లేకపోతే కొత్త మొక్క లేదు. నిప్పును తట్టుకుని మళ్ళీ చిగురించే ఈ చెట్టు, కత్తిని తట్టుకోలేకపోతోంది. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందంలో అన్నిటికంటే కఠినమైన మొదటి అనుబంధంలో దీన్ని చేర్చారు. ఎర్రచందనం కూడా రెండో అనుబంధంలోనే ఉంది. మరి పత్రికల్లో ఎర్రచందనం పేరు రోజూ వస్తుంది, పేరిత పేరు ఎవరూ ఎత్తరు.

ఇంకా తంబజలారి, మొగి, తెల్లకరక, కొండ కొత్తిమీర లాంటివి ఉన్నాయి. ఇవన్నీ ఈ చుట్టుపక్కల కొండలకే పరిమితమైనవి, లేదా దాదాపు పరిమితమైనవి. పేర్లన్నీ రాస్తే పాఠం జాబితా అవుతుంది. నన్నారి మాత్రం వదలలేను. వేసవిలో మనం తాగే నన్నారి షర్బత్ అడవి తీగ వేరు నుంచి వస్తుంది. ఆకు కోస్తే తీగ బతుకుతుంది. వేరు తవ్వితే తీగే ఉండదు. తవ్వేవాడు ముదురు వేరు తీసుకుని లేత వేరు వదిలేస్తే మళ్ళీ పెరుగుతుంది. ఈ సంగతి అడవిలో పుట్టి పెరిగిన యానాదులకు బాగా తెలుసు. రాత్రికి రాత్రి బస్తాలు నింపుకుపోయే వ్యాపారికి తెలిసినా పట్టదు.

ఎవరెవరున్నారు అడవిలో

చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క, కణుజు, చుక్కల దుప్పి, అడవిపంది, కొండముచ్చు, అలుగు, ఏదుపంది, ఉడుము. ఇవి కాక తమిళనాడు, కర్ణాటకల నుంచి చిత్తూరు జిల్లాకు వచ్చి, అక్కడి నుంచి ఇటు కదిలిన ఏనుగులు. అన్నిటి గురించీ చెప్పను, నాకు ఇష్టమైనవి, మనకు పని ఉన్నవి చెబుతాను.

కొండగొర్రె పేరుకే గొర్రె, నిజానికి అది నాలుగు కొమ్ముల జింక. అడవి జంతువుల్లో నాలుగు కొమ్ములున్నది ఇదొక్కటే, అవీ మగవాటికే. సిగ్గరి, ఒంటరిగా తిరుగుతుంది, నీటికి దగ్గరగా ఉంటుంది. దేవాంగపిల్లి పిల్లి కాదు, కోతి చుట్టం. గుప్పెడు ప్రాణం, పెద్ద గుండ్రని కళ్ళు, రాత్రిపూట కొమ్మల మీద మెల్లగా పాకుతూ పురుగులు తింటుంది. దాని కళ్ళకు, ఒంటికి ఏవో శక్తులున్నాయని నమ్మి చంపేవాళ్ళు ఇంకా ఉన్నారు. అలుగు పొలుసులదీ అదే కథ. వాటి కోసం దేశాలు దాటిన దొంగ వ్యాపారం నడుస్తోంది. ఆ పొలుసు తయారైన పదార్థం మన గోరు తయారైన పదార్థమే. గోరు తింటే ఏ రోగం తగ్గుతుందో ఆ కొనేవాళ్ళే చెప్పాలి. అలుగు బతికుంటే చీమలను, చెదలను తింటుంది, అదీ దాని అసలు విలువ.

బంగారు బల్లిని మాత్రం తప్పక చూడాలి. ఎండాకాలంలో కూడా చల్లగా, తేమగా ఉండే రాతి సందుల్లో, వాగుల పక్కన ఉంటుంది. పేరుకు తగ్గట్టు మగబల్లి పసుపు బంగారు రంగులో మెరుస్తుంది. 1870లో బెడ్డోమ్ అనే మద్రాసు అటవీ అధికారి తిరుపతి కొండల నుంచి దీన్ని లోకానికి పరిచయం చేశాడు. పేరిత శాస్త్రీయ నామంలో ఉన్నది కూడా ఆయన పేరే. ఈ బల్లులు చాలా కలిసి ఒకేచోట రాతికి గుడ్లు అతికిస్తాయి. ఒకే బండ మీద తెల్లటి చుక్కల్లా గుడ్ల గుంపు కనబడుతుంది.

ఇక చిరుత. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపింది. ఆ తరువాత బోనులు పెట్టి కొన్ని చిరుతలను పట్టారు, పిల్లలతో మధ్యాహ్నం తరువాత నడిచి వెళ్ళడాన్ని ఆపారు, నడిచేవాళ్ళకు చేతికర్రలిచ్చారు. తల్లిదండ్రుల దుఃఖం ముందు జంతుశాస్త్రం చెప్పడం సబబు కాదు. అయినా ఇంకో పాపకు అలా జరగకూడదంటే కారణం తెలియాలి. మనం దారిలో పారేసిన తిండికి కుక్కలు, అడవిపందులు వస్తాయి. వాటి కోసం చిరుత వస్తుంది. చిరుత తన ఎత్తుకు సమానంగా ఉన్నదాన్ని, గుంపు నుంచి విడిపోయినదాన్ని ఎంచుకుంటుంది. నిలబడ్డ పెద్దమనిషిని చూస్తే సాధారణంగా తప్పుకుంటుంది. కాబట్టి అడవిలో పిల్లవాడు ఎప్పుడూ ఇద్దరు పెద్దల మధ్య ఉండాలి, ముందు పరుగెత్తకూడదు, వెనకబడకూడదు. తిండి పొట్లం తిరిగి సంచిలోకే పోవాలి. కోతికి అరటిపండు వేయడం పుణ్యమనుకునే వారు కూడా ఈ లెక్క ఒకసారి ఆలోచించాలి.

కలివికోడిని వెతికినవాళ్ళు

జాతీయ ఉద్యానవనం సరిహద్దు దాటి కొంచెం ఉత్తరానికి, సిద్ధవటం, బద్వేలు వైపు లంకమల చిట్టడవికి వెళదాం. అక్కడి కలివికోడి గురించి చెప్పకుండా ఈ పాఠం ముగించలేను. ఇది కోడి కాదు, కోడి కంటే చిన్నది, పొడుగు కాళ్ళ రాత్రి పక్షి. ఎగరడం కంటే పరుగెత్తడం ఎక్కువ. 19వ శతాబ్దంలో మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ దీన్ని కనుగొన్నాడు. 1900 తరువాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు. 86 ఏళ్ళ తరువాత, 1986 జనవరిలో, రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. వెతికింది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ. చేతికి అందించింది మాత్రం పక్షి బొమ్మ చూసి, గుర్తుపట్టి, రాత్రి దీపం పట్టుకుని వెళ్ళిన స్థానిక వేటగాడు. డిగ్రీలున్నవారికి దొరకనిది అడవిలో తిరిగే మనిషికి తెలిసి ఉండడం, ఉపాధ్యాయుడిగా నాకు చాలా ఇష్టమైన సంగతి.

ఆ సొసైటీకి తన జీవితమంతా ఇచ్చినవారు డాక్టర్ సలీం అలీ. 1896లో బొంబాయిలో పుట్టారు. పదేళ్ళు నిండకముందే తల్లీ తండ్రీ పోయారు, మేనమామ ఇంట్లో పెరిగారు. ఆ మేనమామ పెంచి, చదివించి, బొమ్మ తుపాకీతో కొట్టిన పిచ్చుక ఏ జాతిదో తెలుసుకోమని సొసైటీ ఆఫీసుకు పంపకపోతే, భారతదేశ పక్షిశాస్త్రం మరోలా ఉండేదేమో. 1931లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసింది ఆయనే. పెద్ద అంతర్జాతీయ బహుమతి వచ్చినప్పుడు ఆ సొమ్మును పక్షుల సంరక్షణకే ఇచ్చేశారు. మన పిల్లల్లో ఎందరికి ఆయన పేరు తెలుసని అడిగితే చేతులు లేవవు. అనాథ పిల్లల చదువుకు చందా ఇచ్చే పాఠకులకు ఆయన కథ తెలిసి ఉండాలని ఇక్కడ రాశాను.

కలివికోడికి వచ్చిన కష్టం విచిత్రమైనది. అది దట్టమైన అడవిలో ఉండదు. అక్కడక్కడా పొదలు, మధ్యలో ఖాళీ నేల ఉన్న చిట్టడవిలో ఉంటుంది. మనం ఆ నేలను ‘బీడు’ అంటాం. బీడు కనుక తవ్వచ్చు, తోట వేయచ్చు, కాలువ తీయచ్చు అనుకుంటాం. తెలుగుగంగ కాలువ పనులు ఆ చోటికి వచ్చినప్పుడు అభ్యంతరాలు లేచి, దారి మార్చవలసి వచ్చింది.

నిప్పు, గొడ్డలి

2014 మార్చిలో తిరుమల కొండల అడవికి నిప్పంటుకున్నప్పుడు హెలికాప్టర్లతో నీళ్ళు చల్లవలసి వచ్చింది. వేసవిలో బోదగడ్డి ఎండి కాగితంలా ఉంటుంది. మన అడవుల్లో నిప్పు దానంతట అది పుట్టడం చాలా అరుదు. బీడీ ముక్క, వంట పొయ్యి, చిగురు గడ్డి కోసం కావాలని పెట్టిన మంట, ఇవే ఎక్కువ. పెద్ద చెట్లు ఒక మంటకు తట్టుకుంటాయి. రెండేళ్ళ ఎర్రచందనం మొక్క, నేల మీద గుడ్లు పెట్టే పక్షి తట్టుకోలేవు. ప్రతి వేసవీ కాలితే పైకి అడవి ఉన్నట్టే కనబడుతుంది, కింద పిల్ల మొక్క ఒక్కటీ ఉండదు. ముసలివాళ్ళు మాత్రమే మిగిలిన ఊరు లాంటిదది.

గొడ్డలి సంగతి చెప్పడం కష్టం. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్ళు తమిళనాడు కొండ ఊళ్ళ నుంచి కూలికి వచ్చినవాళ్ళు. తప్పొప్పులు తేల్చడం కోర్టుల పని. నేను చెప్పేది ఒక్కటే, ఆ దుంగలతో కోట్లు గడించినవాళ్ళు ఆ రోజు అడవిలో లేరు. గొడ్డలి పట్టేవాడు ఎప్పుడూ పేదవాడే. మేస్త్రీ ఇంటికి వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. పెళ్ళి అప్పో, ఆసుపత్రి అప్పో ఉన్నవాడు వెళతాడు.

ఇది పక్క రాష్ట్రం వాళ్ళ కథే అనుకోకండి. కొండ కింద ఊళ్ళలో పదో తరగతి తప్పిన కుర్రవాడికి మోటారు సైకిలు నడపడం వస్తే చాలు. దుంగల బండికి ముందు పోతూ, దారిలో చెకింగ్ ఉందో లేదో ఫోనులో చెప్పే పని దొరుకుతుంది. దాన్ని ‘పైలట్’ అంటారు. ఒక రాత్రికి వాళ్ళ నాన్న నెల కూలి చేతికొస్తుంది. నేను పాఠం చెప్పిన పిల్లల్లో అలా వెళ్ళినవాడు ఒకడున్నాడు. గణితంలో చురుకైనవాడు. ఫీజు కట్టలేక బడి మానేశాడని తెలిసేసరికి వాడు ఇంట్లో లేడు. తరువాత కేసు, వాయిదాలు, లాయరు ఫీజులు. ఆ ఖర్చులో పదో వంతు ముందే దొరికి ఉంటే వాడు డిప్లొమా పూర్తిచేసి ఉండేవాడు. ఒక పిల్లవాడి ఫీజుకు, అడవిలో ఒక చెట్టుకు సంబంధం ఉందంటే దాతలు నమ్మకపోవచ్చు. కొండ కింద ఊరి బడిలో పనిచేసినవాడికి ఆ సంబంధం రోజూ కనబడుతుంది.

ఎర్రచందనం మీద న్యాయమైన సంపాదనకు దారి లేకపోలేదు. పట్టా భూమిలో ఎవరైనా పెంచుకోవచ్చు. కోతకు, రవాణాకు అటవీ శాఖ అనుమతి కావాలి, అంతే. తోట ఆదాయం కొడుకు కాలానికి వస్తుంది కనుక ఓపిక ఉన్నవారికే. తలకోన దగ్గర నెరబైలు గ్రామస్థులు వన సంరక్షణ సమితిగా ఏర్పడి యాత్రికులకు బస, భోజనం, దారి చూపించడం వంటి పనులు చేస్తున్నారు. అడవి నిలబడితేనే వాళ్ళకు పని. కాపలాకు ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు.

పిల్లలను తీసుకెళ్ళాలంటే

తలకోన, మామండూరు రెండూ పిల్లలకు అనువైన చోట్లు. తలకోన జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు, మన రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తయినదని చెబుతారు. నీళ్ళు నిండుగా చూడాలంటే నవంబరు, డిసెంబరు. తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయండి, రాళ్ళు పాచి పట్టి జారుతాయి, వాగు గంటలో పొంగుతుంది. జంతువుల కోసమైతే ఫిబ్రవరి, మార్చి మేలు. ఆకు రాలి చూపు దూరం పోతుంది, నీటి గుంటల దగ్గరికి అవి వస్తాయి. అటవీ శాఖ అనుమతి, టికెట్టు తప్పనిసరి, స్థానిక గైడును పెట్టుకోండి.

ప్లాస్టిక్ పొట్లాలు వద్దు, స్టీలు డబ్బాలు చాలు. స్పీకరు పెట్టి పాటలు మోగిస్తే ఒక్క పిట్ట కూడా కనబడదు. బైనాక్యులర్ ఒకటి ఉంటే నలుగురు పిల్లలు పంచుకోవచ్చు. పికిలిపిట్టలలో గొంతు పసుపుగా ఉన్నది బండల మీద కనబడితే నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయమనండి, అది రాతి కొండలను వదిలి రాదు. జలపాతం పక్కన తడి బండల సందుల్లోకి టార్చి వేసి చూడమనండి, చేయి పెట్టనివ్వకండి. తెల్లటి గుండ్రని చుక్కలు గుంపుగా అతుక్కుని ఉంటే అవి బంగారు బల్లి గుడ్లు. కాసేపు మాట్లాడకుండా కూర్చుంటే తల్లి కూడా బయటికి వస్తుంది.